రన్‌ఫ్లాట్ టైర్లున్న కారుకి స్టెప్నీ కావాలా? చందానగర్ నుంచి లెక్క వేసి చూద్దాం

ఫోన్ కొనేముందు బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్ అని చూస్తాం. నిజానికి మనకి కావాల్సింది ఆ అంకె కాదు, సాయంత్రం ఇంటికి చేరేదాకా ఛార్జింగ్ ఆగుతుందా లేదా అన్నది. రన్‌ఫ్లాట్ టైరుకి కూడా ఇలాంటి అంకె ఒకటి ఉంది. గాలి మొత్తం పోయినా, గంటకి 80 కి.మీ. స్పీడు దాటకుండా, మరో 80 కి.మీ. నడుస్తుంది అంటారు. వినడానికి బాగుంది. కానీ ఆ 80 అయిపోయాక మీరు ఎక్కడ ఉంటారు? స్టెప్నీ కొనాలా వద్దా అన్నది ఈ ప్రశ్నకి మీరు చెప్పే జవాబు మీదే ఆధారపడి ఉంటుంది.

కొండాపూర్, మాదాపూర్ ఆఫీసుల సెల్లార్ పార్కింగ్‌లో సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ, మినీ కార్లు కనబడటం ఇప్పుడు వింతేం కాదు. మంచి ఫోన్ కొన్నట్టే నాలుగేళ్ల రీసెర్చ్ చేసి కొంటారు. ఇంజిన్, గేర్‌బాక్స్, స్క్రీన్ అన్నీ చూస్తారు. తీరా ఇంటికొచ్చి డిక్కీలో కార్పెట్ ఎత్తితే స్టెప్నీ ఉండదు. కొన్నిసార్లు జాకీ, పానా కూడా ఉండవు. "రన్‌ఫ్లాట్ సార్, స్టెప్నీ అక్కర్లేదు" అని అమ్మినవాళ్లు చెబుతారు. ఆ మాట పూర్తిగా అబద్ధం కాదు. అలాగని పూర్తిగా నిజమూ కాదు.

లోపల ఏముంటుంది?

మామూలు ట్యూబ్‌లెస్ టైరులో కారు బరువుని మోసేది గాలి. టైరు పక్కగోడ, అంటే సైడ్‌వాల్, పల్చగా ఉండి వంగుతుంది. గాలి పోగానే అది మడతపడి రిమ్ కింద నలిగిపోతుంది. రన్‌ఫ్లాట్‌లో సైడ్‌వాల్ లోపలి వైపు మందమైన, వేడిని తట్టుకునే రబ్బరు పొర ఉంటుంది. గాలి పోయినప్పుడు ఆ గోడే కొంతసేపు కారుని నిలబెడుతుంది. అందుకే దీన్ని సెల్ఫ్ సపోర్టింగ్ టైరు అని కూడా అంటారు.

మీ కారుకి ఉన్నవి రన్‌ఫ్లాట్‌లో కాదో తెలుసుకోవాలంటే సైడ్‌వాల్ మీద అక్షరాలు చదవాలి. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఎఫ్‌టీ అని, మిషెలిన్ జడ్‌పీ అని, కాంటినెంటల్ ఎస్‌ఎస్‌ఆర్ అని, గుడ్‌ఇయర్ ఆర్‌ఓఎఫ్ అని వేస్తాయి. నాలుగు టైర్లూ విడివిడిగా చూడండి. పాత ఓనరు ఒకటో రెండో మార్చి మామూలువి వేయించి ఉండొచ్చు. రన్‌ఫ్లాట్, మామూలు టైర్లు కలిపి నడపొద్దని కంపెనీలు చెబుతాయి. అలాంటి కారుకి స్టెప్నీ లేకపోతే, మీరు ఏ టైరు మీద నమ్మకం పెట్టుకున్నారో ఆ టైరుకే పంచర్ పడాలని కోరుకోవాల్సి వస్తుంది.

ఈ టెక్నాలజీ కొత్తదేం కాదు. 1997లో వచ్చిన షెవర్లే కార్వెట్ స్టెప్నీ లేకుండా, గుడ్‌ఇయర్ రన్‌ఫ్లాట్లతోనే అమ్ముడైంది. అంతకంటే ముందే, 1986లో పోర్షే 959 కారు టైరులో గాలి తగ్గితే చెప్పే సిస్టమ్‌తో వచ్చింది. ఈ రెండూ జంటగా ఎందుకు ఉండాలో ఇప్పుడు చూద్దాం.

టీపీఎంఎస్ పని చేయకపోతే రన్‌ఫ్లాట్ లేనట్టే

మామూలు టైరుకి పంచర్ అయితే స్టీరింగ్ లాగుతుంది, చప్పుడు వస్తుంది, దిగి చూస్తే తెలిసిపోతుంది. రన్‌ఫ్లాట్‌లో గాలి సున్నాకి పడిపోయినా బయటికి కొంచెం వంగినట్టు కనబడుతుంది అంతే. నడుపుతున్నవాడికి తెలియకపోవచ్చు. అప్పుడు మీ 80 కి.మీ. ఎప్పుడు మొదలైందో మీకే తెలియదు. ఛార్జింగ్ పర్సెంటేజ్ చూపించని ఫోన్ లాంటిదన్నమాట.

టీపీఎంఎస్ రెండు రకాలు. డైరెక్ట్ రకంలో ప్రతి చక్రంలో ఒక ప్రెజర్ సెన్సర్, చిన్న బ్యాటరీ, రేడియో ట్రాన్స్‌మిటర్ ఉంటాయి. పీఎస్‌ఐ అంకె నేరుగా స్క్రీన్ మీద కనబడుతుంది. ఆ బ్యాటరీని మార్చే వీలు సాధారణంగా ఉండదు, కొన్నేళ్లకి అయిపోతే సెన్సరే మార్చాలి. ఏడెనిమిదేళ్ల కారు కొంటున్నప్పుడు ఇది తప్పకుండా చెక్ చేయాల్సిన విషయం.

ఇన్‌డైరెక్ట్ రకంలో టైరు లోపల సెన్సరే ఉండదు. గాలి తగ్గిన చక్రం వ్యాసార్థం కాస్త తగ్గుతుంది కాబట్టి అదే దూరానికి మిగతావాటికంటే ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఏబీఎస్ సెన్సర్లు ఆ తేడాని పట్టుకుంటాయి. తెలివైన పద్ధతే, కానీ నాలుగు టైర్లలో గాలి సమానంగా తగ్గితే పోల్చడానికి ఏమీ ఉండదు. గాలి కొట్టించిన ప్రతిసారీ మెనూలోకి వెళ్లి రీసెట్ చేయాలి. ఆ రీసెట్ ఒకటుందని చాలామంది ఓనర్లకి తెలియదు.

వాల్వ్ క్యాప్ స్థానంలో బిగించే బ్లూటూత్ సెన్సర్లు కూడా దొరుకుతాయి. ఏమీ లేనిదానికంటే నయం. కాకపోతే రాత్రి కారు వీధిలో పెట్టే ఇల్లయితే ఆ క్యాప్‌లు పొద్దునకి ఉంటాయో లేదో చెప్పలేం.

మేకు వేరు, గుంత వేరు

చందానగర్ నుంచి ఆఫీసుకి వెళ్లే దారులు తలుచుకోండి. నల్లగండ్ల మీదుగా గచ్చిబౌలి అనుకుందాం, లేదా హఫీజ్‌పేట్ వైపు నుంచి కొండాపూర్. ఏ దారి పట్టినా పక్కన ఏదో ఒక టవర్ కడుతూనే ఉంటారు. తెల్లాపూర్, కొల్లూరు వైపు అయితే చెప్పక్కర్లేదు. అక్కడ టైరుకి దిగేవి మేకులు, స్క్రూలు, సెంట్రింగ్ తీగ ముక్కలు. ఇవన్నీ టైరు నేలకి ఆనే భాగంలో, అంటే ట్రెడ్‌లో దిగుతాయి. రన్‌ఫ్లాట్‌ని తయారు చేసింది ఇలాంటి పంచర్ల కోసమే. నింపాదిగా ఇంటికో, షాపుకో వెళ్లిపోవచ్చు.

ఇక రెండో రకం. వాన పడిన సాయంత్రం, లింగంపల్లి రైల్వే అండర్‌పాస్ నీళ్లతో నిండిపోయి ట్రాఫిక్ అంతా పక్క రోడ్ల మీదికి మళ్లింది. నీళ్ల కింద గుంత కనబడదు. నలభై, యాభై స్పీడులో చక్రం దాని అంచుకి కొట్టుకుంటుంది. ఇక్కడ దెబ్బ తినేది ట్రెడ్ కాదు, సైడ్‌వాల్, దాంతోపాటు అల్లాయ్ రిమ్. రన్‌ఫ్లాట్ గోడ గట్టిది కాబట్టి చిన్న దెబ్బలు తట్టుకుంటుంది. కానీ ఆ గట్టిదనం వల్లే దెబ్బ తాకిడి రిమ్‌కి ఎక్కువగా చేరుతుంది. లో ప్రొఫైల్ టైరైతే మరీను. గోడ చిరిగిందంటే కారుని మోయాల్సిన భాగమే పోయినట్టు. రిమ్ పగిలితే టైరు రన్‌ఫ్లాట్ అయినా కాకపోయినా ఒకటే. డిక్కీలో ఉండే సీలెంట్ డబ్బా కూడా సైడ్‌వాల్ చిరుగుని ఆపలేదు. ఈ దెబ్బకి రెండే మందులు ఉన్నాయి: మరో చక్రం, లేదా ఫ్లాట్‌బెడ్ బండి.

సిటీలో ఫ్లాట్‌బెడ్ ఒక ఫోన్ కాల్ దూరం. ఇన్సూరెన్స్‌లో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉంటే అదీ ఉచితం కావచ్చు. కాబట్టి వారమంతా చందానగర్, గచ్చిబౌలి మధ్యే తిరిగే కారుకి స్టెప్నీ మోయాల్సిన పని లేదని నా అభిప్రాయం. అసలు లెక్క శుక్రవారం సాయంత్రం మొదలవుతుంది.

80 కి.మీ. ఎక్కడి నుంచి కొలవాలి?

చాలామంది ఈ అంకెని ఇంటి నుంచి కొలుస్తారు. "ఎనభై కిలోమీటర్లంటే చాలా దూరం, ఎక్కడో ఒక పంచర్ షాపు తగలకపోదు" అనుకుంటారు. పంచర్ షాపు తగులుతుంది, నిజమే. కానీ గాలి లేకుండా నడిచిన రన్‌ఫ్లాట్‌ని ఆ షాపు బాగు చేయలేదు. లోపలి గోడ వేడెక్కి దెబ్బతిని ఉంటుంది, అది బయటికి కనబడదు. సున్నా ప్రెజర్ మీద నడిచినదాన్ని మార్చేయమనే సలహా ఎక్కువగా వినబడుతుంది. అంటే మీకు కావాల్సింది పంచర్ షాపు కాదు, మీ సైజు కొత్త రన్‌ఫ్లాట్. 225/45 ఆర్18 రన్‌ఫ్లాట్‌ని హైవే పక్క షాపులో స్టాకు పెట్టుకునేవాళ్లు ఉంటారని ఆశ పెట్టుకోకండి. టైరు దొరికినా, ఆ గట్టి గోడని రిమ్ మీదికి ఎక్కించడానికి అదనపు చెయ్యి ఉన్న టైరు మెషీన్ కావాలి. కాబట్టి కొలవాల్సింది మీ సైజు టైరు దొరికే ఊరి నుంచి. మన ప్రాంతంలో అది హైదరాబాద్, ఆ తర్వాత విజయవాడ అనుకుందాం.

ఇంకో చిక్కు ఉంది. 80 అన్నది కూడా స్థిరమైన అంకె కాదు. బరువు, వేడి, స్పీడు పెరిగితే అది తగ్గుతుంది. 2000ల నాటి బీఎండబ్ల్యూ 3 సిరీస్ ఓనర్ మాన్యువల్‌లో దీన్ని నిజాయితీగానే రాశారు. ఒకరిద్దరు, సామాను లేకుండా అయితే దాదాపు 250 కి.మీ. ఇద్దరు సామానుతో, లేదా నలుగురు సామాను లేకుండా అయితే 150. నలుగురు, సామానుతో అయితే 50. వీకెండ్ ట్రిప్ అంటేనే నలుగురు ఫ్రెండ్స్, నాలుగు బ్యాగులు కదా! పైగా మే నెల తారు రోడ్డు.

ఇప్పుడు చందానగర్ నుంచి మ్యాప్ తెరవండి. అనంతగిరి కొండలు, వికారాబాద్: శంకర్‌పల్లి మీదుగా సుమారు 60 కి.మీ. కొండ మీద పంచరైనా జాగ్రత్తగా ఇంటికి రావచ్చు. ముంబై హైవే మీద సంగారెడ్డి అయితే ఆలోచించాల్సిన పనే లేదు. జహీరాబాద్ అంచు మీద ఉంటుంది. బీదర్ కోట చూడటానికి వెళ్తే ఆ అంచు దాటేసినట్టే.

విజయవాడ దారి తీసుకోండి. సంక్రాంతికి సగం ఐటీ కారిడార్ వెళ్లే దారి ఇదే. సూర్యాపేట దాదాపు మధ్యలో ఉంటుంది, అటు హైదరాబాద్ సుమారు 135 కి.మీ., ఇటు విజయవాడ కూడా ఇంచుమించు అంతే. సూర్యాపేట దగ్గర టీ తాగి బయల్దేరాక టైరు పోయిందనుకోండి. వెనక్కి తిరిగితే చౌటుప్పల్ చేరడమే కష్టం, ముందుకెళ్తే నందిగామ దగ్గరికి చేరతారేమో. రెండు పెద్ద ఊళ్లూ అందవు. పండగ ముందు రోజు ఆ హైవే మీద ఫ్లాట్‌బెడ్ కోసం ఎంతసేపు ఆగాలో ఊహించుకోండి. నేషనల్ హైవే కాబట్టి 1033కి ఫోన్ చేస్తే సాయం వస్తుంది, ఆ నంబర్ ఫోన్‌లో ఉంచుకోండి. కానీ ఆ సాయం మీ కారుని రోడ్డు పక్కకి చేర్చగలదు, మీ సైజు టైరుని తేలేదు.

శ్రీశైలం దారి ఇంకా కఠినం. మన్ననూరు చెక్‌పోస్ట్ దాటాక అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ మొదలవుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లని లోపలికి వదలరు. మధ్యలో చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు, యాప్‌లో టో బండి బుక్ చేద్దామన్నా కుదరదు. సాయంత్రం ఏడింటికి ఘాట్ మలుపులో సైడ్‌వాల్ చిరిగితే మీ దగ్గర ఉన్న టెక్నాలజీ అంతా పక్కన పెట్టి, దారిన పోయే వ్యాన్ డ్రైవర్ అన్నని సాయం అడగాలి. రన్‌ఫ్లాట్ పని చేసే రకం పంచరే అయినా, అక్కడి నుంచి మన్ననూరు దాకా వస్తారు. అక్కడి నుంచి హైదరాబాద్ మళ్లీ 130, 140 కి.మీ. ఈ దారిలో స్టెప్నీ లేకుండా వెళ్లమని నేనైతే ఎవరికీ చెప్పను.

రన్‌ఫ్లాట్‌కి న్యాయంగా రావాల్సిన మార్కులు కూడా వేయాలి. ఓఆర్‌ఆర్ మీద కుడివైపు రెండు లేన్లలో స్పీడ్ లిమిట్ 120. ఆ స్పీడులో మామూలు టైరు ఒక్కసారిగా గాలి వదిలితే కారుని అదుపులో పెట్టడం చాలా కష్టం. రన్‌ఫ్లాట్ రిమ్ మీద కూలిపోదు, కారు చేతిలోనే ఉంటుంది. ఇంకా ముఖ్యం, చీకట్లో రోడ్డు పక్కన జాకీ వేసుకుని వంగోవాల్సిన పని తప్పుతుంది. వెనక లారీ వస్తుందో లేదో తెలియని చోట చక్రం మార్చడం పంచర్ కంటే పెద్ద ప్రమాదం. ఎడమ లేన్లలో లిమిట్ ఎలాగూ 80. హజార్డ్ లైట్లు వేసుకుని, ఆ లేన్‌లో నెమ్మదిగా వెళ్లి దగ్గర్లోని ఎగ్జిట్‌లో దిగిపోవచ్చు. స్టెప్నీ ఉన్నా కూడా ముందు ఈ పని చేసి, వెలుతురున్న చోట ఆగి అప్పుడు మార్చుకోవాలి. అంటే రన్‌ఫ్లాట్ మిమ్మల్ని ప్రమాదం నుంచి బయటికి తెస్తుంది, స్టెప్నీ ఇంటికి తెస్తుంది. రెండింటి పనులు వేరు.

కొనాలనుకుంటే

ముందు డిక్కీ చూడండి. మన దేశంలో అమ్మిన కొన్ని బీఎండబ్ల్యూ మోడళ్లకి రన్‌ఫ్లాట్లతో పాటు సన్నటి స్పేస్ సేవర్ చక్రం కూడా ఇచ్చారు. దానికి గుంట లేక డిక్కీ ఫ్లోర్ మీదే పెట్టారని అప్పట్లో రివ్యూల్లో విసుక్కున్నారు కూడా. సెకండ్ హ్యాండ్‌లో ఆ చక్రం మాయమై ఉండొచ్చు. అడిగి తీసుకోండి.

లేదంటే కొనాలి. ఇక్కడే ఓఎల్‌ఎక్స్‌లో చవగ్గా కనబడిందని తొందరపడకూడదు. ఫోన్ కవర్ లాగే ఇది కూడా మోడల్‌ని బట్టి మారుతుంది. 3 సిరీస్‌నే తీసుకుంటే, ఎఫ్30 తరానికి బోల్టుల అమరిక 5 ఇంటూ 120 మి.మీ. ఆ తర్వాత వచ్చిన జీ20కి 5 ఇంటూ 112. పేరు ఒకటే, చక్రం ఎక్కదు. మధ్య రంధ్రం సైజు కలవాలి, బ్రేక్ క్యాలిపర్‌కి తగలకూడదు. ముందు 225, వెనక 255 వెడల్పు టైర్లున్న ఎం స్పోర్ట్ లాంటి కారైతే ఒక ఫుల్ సైజ్ స్టెప్నీ రెండు చోట్లకీ సరిపోదు. అందుకే స్పేస్ సేవర్ మేలు. అదీ కంపెనీ మీ మోడల్‌కి చెప్పినదే కావాలి. ఆల్ వీల్ డ్రైవ్ కారైతే మాన్యువల్ చదవకుండా అసలు కొనొద్దు.

స్పేస్ సేవర్‌కి కూడా సాధారణంగా 80 స్పీడే లిమిట్. అయితే ఇక్కడ దూరం మీద అంత భయం లేదు, సూర్యాపేట నుంచి నెమ్మదిగా హైదరాబాద్ వచ్చేయొచ్చు. చక్రంతో పాటు జాకీ, పానా కూడా కొనాలి. లాక్ బోల్టులుంటే వాటి అడాప్టర్ కూడా కావాలి. గ్లవ్ బాక్స్‌లో ఆ చిన్న ముక్క లేకపోతే పదిహేను కిలోల స్టెప్నీ అలంకారమే. డిక్కీలో దాన్ని బెల్టుతో గట్టిగా కట్టేయాలి. సడన్ బ్రేక్ వేసినప్పుడు అది సీటు వెనక్కి దూసుకొస్తుంది. ఇంకోటి, చక్రం మార్చాక పంచరైన 18 అంగుళాల పెద్ద చక్రం ఎక్కడ పెడతారు? నలుగురి బ్యాగులున్న డిక్కీలోనే పెట్టాలి. ఇంట్లోనే ఒకసారి ఖాళీ డిక్కీలో పెట్టి చూసుకుంటే తెలుస్తుంది, ఎవరి బ్యాగు ఒళ్లో పెట్టుకోవాలో.

రెండో దారి కూడా ఉంది. రన్‌ఫ్లాట్లు అరిగిపోయాక నాలుగూ తీసేసి మామూలు ట్యూబ్‌లెస్ వేయించుకుని, స్టెప్నీ పెట్టుకోవడం. ప్రయాణం మెత్తగా ఉంటుంది, ఖర్చు తగ్గుతుంది, ఏ ఊళ్లో అయినా పంచర్ వేస్తారు. ప్రతి వారం హైవే ఎక్కేవాళ్లకి నేను దీనికే ఓటు వేస్తాను. రాత్రిపూట ఒంటరిగా ఎక్కువ డ్రైవ్ చేసేవాళ్లయితే, రోడ్డు పక్కన ఆగాల్సిన అవసరం రాకుండా రన్‌ఫ్లాట్ ఉంచుకోవడమే మంచిది.

స్టెప్నీ లేకపోవడం చట్టబద్ధమేనా?

అవును. 2020లో కేంద్ర మోటారు వాహన నిబంధనలు మార్చారు. 3.5 టన్నుల లోపు ప్యాసింజర్ కార్లకి ట్యూబ్‌లెస్ టైర్లు, టీపీఎంఎస్, రిపేర్ కిట్ ఉంటే స్టెప్నీ తప్పనిసరి కాదు. టియాగో ఈవీ, ఎంజీ కామెట్ లాంటివి స్టెప్నీ లేకుండా కిట్‌తోనే రావడం అందుకే. గమనించండి, వాటికి రన్‌ఫ్లాట్లు కూడా లేవు. కాబట్టి "స్టెప్నీ లేదు కాబట్టి రన్‌ఫ్లాటే అయ్యుంటుంది" అని ఎప్పుడూ అనుకోకండి.

కిట్‌లో సీలెంట్ సీసా, 12 వోల్టుల కంప్రెసర్ ఉంటాయి. సుమారు 6 మి.మీ. లోపు ట్రెడ్ రంధ్రాలకే సీలెంట్ పని చేస్తుంది. దానికి ఎక్స్‌పైరీ కూడా ఉంటుంది, సీసా మీద చూడండి. షావోమీ లాంటి కంపెనీల బ్యాటరీ ఇన్‌ఫ్లేటర్లు మన రీడర్ల దగ్గర చాలామందికి ఉండే ఉంటాయి. మేకు దిగి మెల్లగా గాలి పోతున్నప్పుడు వీటిని మించింది లేదు: మేకు పీకకుండా గాలి నింపుకుంటూ షాపుకి వెళ్లొచ్చు. రన్‌ఫ్లాట్ ఉన్నవాళ్లకి ఇది మరీ అవసరం, ఎందుకంటే గాలి సున్నాకి పడనివ్వకపోతే ఆ ఖరీదైన టైరుని రిపేరుకి పనికొచ్చేలా కాపాడుకోవచ్చు. నెలకోసారి ఇన్‌ఫ్లేటర్‌ని ఛార్జ్ చేయడం మర్చిపోవద్దు.

అన్నట్టు, స్టెప్నీ అన్న మాట ఇంగ్లండ్ వాళ్లకి చెబితే అర్థం కాకపోవచ్చు. 1904లో వేల్స్‌లోని లనెల్లీ ఊళ్లో స్టెప్నీ వీధిలో ఒక షాపు స్పేర్ చక్రాలు అమ్మడం మొదలుపెట్టింది. అక్కడ ఆ పేరు మరుగున పడింది, మన పంచర్ షాపుల్లో మాత్రం నిలిచిపోయింది.

స్పేస్ సేవర్ ఉన్నవాళ్లు, లేదా ఈ వారం కొనబోయేవాళ్లు, దాని సైడ్‌వాల్ మీద రెండు విషయాలు చదవండి. ఒకటి నాలుగు అంకెల తయారీ కోడ్: 2316 అంటే 2016లో 23వ వారం. ఒక్కసారీ రోడ్డెక్కకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. రెండోది ప్రెజర్. ఈ సన్న చక్రాల్లో చాలావాటికి 60 పీఎస్‌ఐ కావాలి, మామూలు టైరుకి కొట్టే దానికి దాదాపు రెట్టింపు. పెట్రోల్ బంకులో గాలి కొట్టే తమ్ముడు అలవాటుగా 33 పెట్టేస్తాడు. డిక్కీ తెరిచి, అంకె చూపించి, దగ్గరుండి కొట్టించుకోండి.